అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టింది

వసూ,

నీకు జవాబు రాసి మూడు వారాలు దాటింది, క్షమించవే. ఇక్కడ అందరం బాగున్నాం, వేళచ్చేరిలో అదే ఇల్లు, అద్దె పెరిగింది, చిన్నాడికి మళ్ళీ జలుబు, ఆయన ఆఫీసు పని మీద కోయంబత్తూరు వెళ్ళారు. అంతే. అసలు సంగతి ఫోన్‌లో చెబితే మధ్యలో ఏడ్చేస్తానని రాస్తున్నాను.

పన్ను పీకించుకున్నానని చెప్పాను గదా. మధ్యాహ్నం పన్నెండింటికి పీకారు, రాత్రి పదకొండయినా రక్తం ఆగలేదు. దూది పెట్టడం, అది తడిసిపోవడం, మళ్ళీ పెట్టడం. బాత్రూమ్‌కని లేచి నిలబడ్డానో లేదో కళ్ళు చీకట్లు కమ్మి పడిపోయాను. మన పద్నాలుగో నంబరు గదిలో ఎర్ర దుప్పటి రాత్రి గుర్తుందా, అచ్చం అలాగే, కాకపోతే ఈసారి తడిగుడ్డ పట్టుకుని నువ్వు లేవు. ఎమర్జెన్సీకి తీసుకెళితే ప్లేట్‌లెట్లు 2 లక్షల 40 వేలు, గడ్డకట్టే టెస్టులు రెండూ నార్మల్, టెన్షన్ వల్ల అయ్యుంటుంది అన్నారు. నాకు పాట్స్ ఉంది, పడుకున్నప్పుడు 74 ఉండే నాడి నిలబడిన పది నిమిషాల్లో 118కి పోతుంది అని ఫైలు చూపిస్తే, అది వేరు ఇది వేరు అన్నారు.

ఆ మాట నన్ను తొలిచేసింది వసూ. గుండె వేగం, బీపీ మన ప్రమేయం లేకుండా నడిపించే నాడులు గాడి తప్పడం, దాన్నే డిస్ఆటనోమియా అంటారని, పాట్స్ అందులో ఒక రకమని నీకు చెప్పాను కదా, అది ఒక ఫైలు. తొడల మీద ఎప్పుడు తగిలాయో తెలియని నీలం మచ్చలు, ముక్కులోంచి రక్తం, నెలసరి వస్తే ఎనిమిది తొమ్మిది రోజులు, వీటికి ఏ ఫైలూ లేదు. ఒళ్ళు మాత్రం ఒక్కటే కదే.

చివరికి రక్త సంబంధ జబ్బులు చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. కావలి నుంచి అమ్మ వచ్చి ఉంది, తనూ వెంట వచ్చింది. ఆవిడ నా కాగితాలు పక్కన పెట్టి, మీ అమ్మగారికి ఎన్ని రోజులయ్యేది అని తమిళంలో అడిగారు. అమ్మకి తమిళం రాదు. ఎదురుగా ఇద్దరు కుర్ర డాక్టర్లు నిలబడి ఉండగా ఆ ప్రశ్న నేను తెలుగులో మా అమ్మని అడగాలి! మన ఇళ్ళల్లో ఇలాంటివి ఎప్పుడన్నా నోరు తెరిచి అడిగామా? అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మన ఇంటి ఆడవాళ్ళకి అంతేనమ్మా, పది రోజులు" అంది. ఇంకెవరెవరికి అని ఆవిడ అడిగారు. అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అమ్మమ్మ. పెద్దమ్మకి ముప్పై రెండేళ్ళకే గర్భసంచి తీసేశారు. పిన్ని. తర్వాత నా వైపు చూడకుండా, "నువ్వు పుట్టినప్పుడు నాకు నాలుగు సీసాలు ఎక్కించారు, మీ నాన్న ఊళ్ళో వాళ్ళని వెంటబెట్టుకొచ్చి రక్తం ఇప్పించాడు" అంది. నాకు ఇప్పటిదాకా తెలియదు వసూ. దాన్ని తమిళంలోకి మార్చి చెప్పడానికి నాకు గొంతు రాలేదు. ఆవిడకి చెప్పక్కర్లేకుండానే అర్థమైంది.

వాన్ విల్లెబ్రాండ్ జబ్బు. దెబ్బ తగిలిన చోట ప్లేట్‌లెట్లని అతికించే ప్రోటీన్ తక్కువగా ఉండడం. మామూలు టెస్టుల్లో దొరక్కపోవచ్చట. పైగా ఎమర్జెన్సీలో ఆ ప్రోటీన్ పరీక్ష కూడా చేశారు, 58 వచ్చింది, నార్మల్ అన్నారు. భయంలో, ఒత్తిడిలో ఆ ప్రోటీన్ పెరిగి లోపాన్ని కప్పేస్తుందట! ఆరు వారాలాగి, నెమ్మదిగా కూర్చోబెట్టి మళ్ళీ తీస్తే 36. మనలాంటి 'O' బ్లడ్ గ్రూపు వాళ్ళకి మామూలుగానే కాస్త తక్కువ ఉంటుందట, కానీ 30కీ 50కీ మధ్య ఉండి ఇంత రక్తం పోతుంటే జబ్బుగానే చూడాలి అన్నారు.

మరి పాట్స్ సంగతి? అదే అడిగాను. ఇది దాన్ని తెచ్చిందని నేను చెప్పను అన్నారు, అలా చెప్పకపోవడం నాకు నచ్చింది. నెలనెలా రక్తం పోయి ఐరన్ అడుగంటితే, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ నాకు 6, నిలబడినప్పుడు గుండె ఇంకా పరిగెడుతుంది, ఆ ముడి మాత్రం ఖాయం. పాట్స్ ఉన్న కొందరి ప్లేట్‌లెట్లు లెక్కకి సరిపోయినా లోపల ఉండాల్సిన, రక్తం ఆపడానికి తోడ్పడే గుళికలు తక్కువని ఒక చిన్న పరిశోధనలో కనబడిందట. కీళ్ళు అతిగా వంగే వాళ్ళకి రక్తనాళాల చుట్టూ ఉండే కణజాలం పలచనై ఊరికే కమిలిపోతుందట, నా బొటనవేలు ముంజేతికి ఆనించి చూశారు (నువ్వు అందరికీ చూపించమనేదానివి చూడు, అదే!). రక్తం అతిగా గడ్డకట్టేలా చేసే యాంటీబాడీల పరీక్ష కూడా చేశారు, లేవు.

ఇంకోటి విను. డెస్మోప్రెసిన్ అని మందు, రక్తనాళాల గోడల్లో దాగిన ఆ ప్రోటీన్‌ని బయటికి తెస్తుంది, ఒంట్లో నీళ్ళు నిలిచేలా చేస్తుంది కాబట్టి పాట్స్‌కీ కొందరికి ఇస్తారట. కానీ అది వాడిన రోజు నేను అలవాటుగా తాగే మూడు లీటర్లు తాగకూడదు, సోడియం పడిపోతుంది. మళ్ళీ పన్నో ఆపరేషనో వస్తే ముందే చెప్పాలి, ఆస్ప్రిన్, ఐబుప్రొఫెన్ ముట్టకూడదు. ఇది పర్సులో కార్డు మీద రాసి పెట్టుకున్నాను.

1926లో ఈ జబ్బు గురించి మొదట రాసింది ఫిన్లండ్ డాక్టరు, ఆలండ్ దీవుల్లో ఒక కుటుంబాన్ని చూసి. ఐదేళ్ళప్పుడు ఆయన దగ్గరికి తెచ్చిన పాప, పదమూడేళ్ళకి, నాలుగోసారి బయట చేరినప్పుడు రక్తం ఆగక చనిపోయింది. అది చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. మా అక్క కూతురికి పదమూడే వసూ. సంక్రాంతికి ఫంక్షన్ చేశారు, ఫొటోలు పంపాను కదా. అప్పటినుంచి బడికి సరిగ్గా పోవడం లేదట, నీరసం అంటోందట, అక్కేమో మనింటి ఆడవాళ్ళకి

ఉండు, అమ్మ వంటింట్లోంచి అక్కతోనే మాట్లాడుతోంది. "పది రోజులు మామూలు కాదంట, పిల్లని తీసుకుని రేపు పొద్దున రైలెక్కు" అంటోంది, గట్టిగా. ఫోన్ నాకిమ్మని పిలుస్తోంది, వెళ్ళాలి.

నీ
సుధ