మా వెబ్ సదస్సు గట్టెక్కింది, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు

వెబ్‌సైట్లు తయారుచేసే పని గురించి నెల్లూరులో ఏటా జరుపుకునే మా వెబ్ సదస్సు ఈసారి కూడా గట్టెక్కింది. గొంతు పూర్తిగా పోయింది, కాళ్లు తేలిపోతున్నాయి. పడుకుని లేచాక రాద్దామనుకున్నాను గానీ ఇది రాస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

ముందుగా మండపం వాచ్‌మన్ పెద్దాయన గురించి చెప్పాలి. పేరు రాయబాక అన్నాడు కాబట్టి రాయడం లేదు.

ఎప్పుడో అర్జీ పెట్టి, చలానా కట్టి ఖాయం చేసుకున్న హాలును సరిగ్గా ముందురోజు మధ్యాహ్నం లేదు పొమ్మన్నారు. అధికారుల సమావేశం ఉందట. అప్పటికే బయటూళ్ల వాళ్లు బస్సులెక్కేశారు. తెలిసినవాళ్ల ద్వారా ఊరి చివర ఒక కల్యాణ మండపం దొరికింది. కాకపోతే ఆ రాత్రి అక్కడ పెళ్లి. అర్ధరాత్రి దాటాక మేం వెళ్లేసరికి నేలంతా అక్షింతలు, నలిగిన బంతిపూలు, ఒలికిన సాంబారు. పెద్దాయన, ఆయన భార్య అప్పటికే చీపుర్లు పట్టుకుని ఉన్నారు.

నేను విజయవాడ నుంచి రావలసిన వక్తతో ఫోన్లో మాట్లాడుతున్నాను. ఆయన వీల్‌చైర్ వాడతారు. "అన్నా, హాలు మారింది, ఇక్కడ మెట్లున్నాయి, ఏం పర్లేదు, నలుగురం ఎత్తుకుని లోపలికి తెస్తాం" అన్నాను. ఫోన్ పెట్టగానే పెద్దాయన చీపురు ఆపి అడిగాడు. "ఏందబ్బయా, అందరి ముందర మనిషిని మూటలాగా ఎత్తుకొస్తే ఆయనకు చిన్నతనంగా ఉండదా?"

నా దగ్గర జవాబు లేదు.

పక్కన కడుతున్న ఇంటి మేస్త్రిని లేపి సెంట్రింగ్ చెక్కలు అడిగి తెచ్చాడు. మెట్ల మీద వాలుగా పరిచి, నీళ్ల క్యాన్ల ట్రాలీని నిండుగా పెట్టి పైకి తోశాడు. చెక్క ఊగింది. దించి, కింద ఇటుకలు సర్ది మళ్లీ తోశాడు. జారకుండా పాత పచ్చ తివాచీ ముక్క కోసి మేకులు కొట్టాడు. పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో దిగిన మా వక్త ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తనంతట తానే లోపలికి వచ్చారు. పెద్దాయన తలుపు పక్కన నిలబడి నమస్కారం పెట్టాడు. నాకు ఏడుపు ఆగలేదు. డబ్బులివ్వబోతే "పిల్లకాయలు నేర్చుకునే పని గదా, ఉంచుకో అబ్బయా" అన్నాడు.

ఆ వక్త చెప్పిన పాఠం కూడా మా పిల్లలు మర్చిపోరు. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే లైన్-హైట్‌నే, అంటే తెర మీద ఒక్కో వరసకిచ్చే ఎత్తునే, తెలుగుకూ పెడితే ఏమవుతుందో 'స్త్రీ' అనే ఒక్క మాట తెర మీద పెట్టి చూపించారు. పైన గుడిదీర్ఘం, కింద ఒత్తులు బటన్ అంచుకు తెగిపోయాయి. లైన్-హైట్ పెంచగానే అక్షరం మొత్తం కనిపించింది. వెనక వరసల వాళ్లు లేచి నిలబడి చూశారు.

ఒక మాట అనకుండా ఉండలేను. వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది 2016లో. ఉన్న ప్రభుత్వ భవనాలను అందరూ వాడుకునేలా మార్చడానికి నియమాలు వచ్చినప్పటి నుంచి ఐదేళ్లు గడువిచ్చింది. ఆ నియమాలు 2017లో వచ్చాయి, వాటిలో వెబ్‌సైట్ల సంగతీ ఉంది. మాకు ముందు ఇచ్చి లాక్కున్న హాలుకు ఇప్పటికీ ర్యాంపు లేదు. కట్టిన డబ్బు వెనక్కి కావాలంటే మళ్లీ అర్జీ పెట్టుకోవాలట. స్పాన్సర్‌షిప్ అడిగితే "నెల్లూరులో ఎవరొస్తారండీ" అన్నవాళ్లూ ఉన్నారు. 1993లో, వెబ్ పుట్టిన యూరప్ పరిశోధన సంస్థ సెర్న్ వాళ్లు దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని వదిలేయబట్టే నాలాంటివాళ్లు ఇక్కడ కూర్చుని అన్నం తింటున్నారు. హాలు నిండింది. కావలి నుంచి, కందుకూరు నుంచి, ఒంగోలు నుంచి కూడా వచ్చారు.

మా ఆవిడ, అమ్మ, నాన్న, తమ్ముడు ఎప్పటిలాగే వెనక ఉన్నారు, వాళ్లకు వేరే చెప్పేదేముంది.

రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర నిలబడ్డ డిగ్రీ పిల్లలకు థాంక్స్. చేపల పులుసు అందరికీ సరిపోయేలా వండిన వంటమాస్టారుకు, వక్తలకు మలై కాజా పొట్లాలు కట్టించి పంపిన అక్కకు కూడా.

అయ్యో, సెంట్రింగ్ చెక్కలిచ్చిన మేస్త్రిని మరిచాను! నిద్రలో లేపినా విసుక్కోలేదు. కరెంటు పోయినప్పుడు జనరేటర్ దగ్గరే కూర్చున్న కుర్రాడు. స్టేషన్‌లో వీల్‌చైర్ దింపి, ఆటోలో జాగ్రత్తగా కట్టి తెచ్చిన ఆటో అన్న. మైకు సెట్ భాయ్. పెద్దాయన భార్య, ఆమె కుర్చీలన్నీ తన చేత్తో తుడిచింది, ఆమెను పైనే రాయాల్సింది. ఇంకెవరైనా మిగిలిపోతే ఫోన్ చేసి తిట్టండి, వెంటనే చేరుస్తాను.