నెత్తుటి సీన్లో జోకు ఎందుకు పేలడం లేదు?

సంపాదకులకు,

పోస్టర్ మీద 'డార్క్ కామెడీ' (చావు, హింసల మధ్య నవ్వు పుట్టించేది) అని వేసుకునే తెలుగు సినిమాలు ఎక్కువయ్యాయి. హాల్లో మాత్రం చాలాసార్లు నవ్వూ రాదు, భయమూ వేయదు. తప్పు కథలో కన్నా ఎడిటింగ్, మిక్సింగ్ (మాటలు, చప్పుళ్లు, సంగీతం కలిపే పని) దగ్గరే ఎక్కువగా జరుగుతోందని మా అభిప్రాయం.

అమెరికా దర్శకులు కోయెన్ సోదరుల 'ఫార్గో' (1996) చూడండి. కొమ్మలు తురిమే యంత్రంలోకి శవాన్ని కుక్కుతున్న హంతకుడి దగ్గరికి గర్భిణి అయిన పోలీసు అధికారి వస్తుంది. యంత్రం మోతలో ఆమె కేక వాడికి వినపడదు. మళ్లీ అరుస్తుంది. చివరికి టోపీ మీది బిళ్ల చూపించి తాను పోలీసునని చెప్పుకోవాల్సి వస్తుంది. జోకు అంతే. చచ్చినవాడి బాధ మీద నవ్వమని ఎవరూ అడగరు, హత్య రెప్పపాటులో ముగిసిపోయింది. నవ్వంతా ఆ తర్వాతి చిక్కులోనే ఉంది: శవం ఓ పట్టాన లోపలికి పోదు, పిలిచిన పిలుపు చేరదు. ఆ మోత తగ్గించి కింద 'టొయ్‌య్' అని ఓ వాద్యం వేసి ఉంటే సీను అక్కడే చచ్చేది.

మన దగ్గర సరిగ్గా అదే వేస్తున్నారు. ఎడిటింగ్ కోతల దగ్గరా ఇంతే. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు (విడి బొమ్మలు). దెబ్బ పడ్డాక పక్కనున్నవాడి ముఖాన్ని 24 నుంచి 36 ఫ్రేములు కదపకుండా నిలిపితే, నవ్వాలా వద్దా అన్న ఇబ్బంది చూసేవాడిలో పుడుతుంది. 8 ఫ్రేములకే కోసి కమెడియన్ క్లోజప్‌కి పోతే ఆ ఇబ్బందికి చోటే లేదు. స్లో మోషన్ ఇంకా చేటు, హింస కాస్తా హీరోయిజం అయిపోతుంది. రక్తం సంగతీ అంతే. పంచదార పాకంలో ఎర్రరంగు ఒక్కటే కలిపితే బొమ్మల సినిమాలా మెరుస్తుంది, చిటికెడు కోకో పొడి పడితే నిజంలా ముదురుతుంది. ఏదైనా ఫరవాలేదు, సినిమా మధ్యలో మారకూడదు.

నటుల్లో ఎవరికీ తాము కామెడీలో ఉన్నట్టు తెలియకూడదు.

రీరికార్డింగుకు (నేపథ్య సంగీతం చేర్చే పనికి) ముందు ఆ సీనును సంగీతం లేకుండా, ఫ్యాను, చెప్పుల చప్పుళ్లతోనే చూడాలి. అప్పుడు నవ్వు రాకపోతే సంగీతంతోనూ రాదు. వస్తే సంగీతమే అక్కర్లేదు (నిర్మాతను ఒప్పించడం వేరే సంగతి). పెద్ద నవ్వు తర్వాతి డైలాగుకు ముందు ఓ 2 సెకన్లు వదలడం మరవొద్దు. లేదంటే హాలు గోలలో ఆ మాట మునిగిపోతుంది. ఓటీటీ కాపీలో ఆ ఖాళీని కొంత తగ్గించుకోవచ్చు.

– ఎడిటింగ్, సౌండ్ విభాగాల్లో పనిచేసే కొందరు, హైదరాబాద్