మెట్లెక్కలేనివారికి మూడో అంతస్తులో వైద్యమా?

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో మేముండే చూళైమేడు వైపు, ఖాళీ పడిన దుకాణాల అంతస్తులను క్లినిక్కులుగా మార్చి, ‘డాక్టరు అద్దెకు దిగితే పదేళ్లు కదలడు’ అంటూ పెట్టుబడి పెట్టేవారికి అమ్మజూపడం తరచుగా చూస్తున్నాను. ఆ మాటలో నిజం లేకపోలేదు. పళ్ల డాక్టరు కుర్చీకి నేలలోంచి వేసిన గొట్టాలు, ఎక్స్‌రే గదికి లేపిన గోడలు మళ్లీ ఇంకోచోట వేసుకోవాలంటే లక్షల మీద ఖర్చు కనుక, సాఫ్ట్‌వేర్ కంపెనీ ఖాళీ చేసినంత తేలిగ్గా డాక్టరు ఖాళీ చేయడు. అద్దె లెక్క బాగానే ఉంది. భవనాల పనుల్లో ముప్పై ఏళ్లు గడిపిన ఇంజనీరుగా నా అభ్యంతరమంతా ఆ కట్టడాల మీదే.

పెద్దాసుపత్రులుండే గ్రీమ్స్ రోడ్డులో ఏ ఉదయం నిలబడినా నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్లు స్కాన్ కవర్లు పట్టుకుని కనిపిస్తారు. మోకాళ్లు చూపించుకోవడానికి వచ్చిన పెద్దావిడ, నలుగురు మాత్రమే పట్టే లిఫ్టు ఆగిపోతే మూడో అంతస్తు దాకా ఎలా ఎక్కాలి? స్ట్రెచరైతే ఆ లిఫ్టులో పట్టనే పట్టదు. ఎక్స్‌రే గదికి తొమ్మిది అంగుళాల ఇటుక గోడ గానీ, దానికి సమానమైన సీసపు రేకు గానీ కావాలి. దుకాణానికి వేసిన జిప్సం బోర్డు అడ్డు సరిపోదు. శుద్ధి చేయని ఆసుపత్రి వ్యర్థాలను 48 గంటలకు మించి ఉంచరాదని 2016 నిబంధనలు చెబుతున్నాయి, ఆ కాస్త సమయమైనా ఉంచడానికి విడిగా గది కావాలి కదా. జనరేటరును సెల్లారులో పెడితే, అది నీట మునిగి ఏమవుతుందో 2015 డిసెంబరు వరదల్లో ఈ నగరమే చూసింది.

పన్ను సంగతి ఇంకొకటి. వైద్య సేవకు జీఎస్టీ మినహాయింపు ఉన్నా, జీఎస్టీలో నమోదైన యజమాని తీసుకునే వాణిజ్య అద్దెపై 18 శాతం పన్ను పడుతుంది. లక్ష అద్దెకు పడే ఆ పద్దెనిమిది వేలను, తన సేవపై పన్ను వసూలు చేయని డాక్టరు తిరిగి రాబట్టుకోలేడు గనుక, అది చివరికి రోగి ఫీజులోనే కలుస్తుంది.

తమిళనాడులో క్లినిక్కుల నమోదు చట్టం 1997లో వచ్చినా నిబంధనలు వెలువడటానికి 2018 దాకా పట్టింది. ఈసారి అంత ఆలస్యం చేయకుండా, కొత్త ప్లాను మంజూరు చేసేటప్పుడే కాక పాత దుకాణం క్లినిక్కుగా మారేటప్పుడు కూడా సీఎండీఏ (చెన్నై మహానగరాభివృద్ధి సంస్థ), కార్పొరేషన్ ఇంజనీర్లు స్వయంగా వచ్చి, లిఫ్టు కొలత, ర్యాంపు, వ్యర్థాల గది, జనరేటరు ఉన్న చోటు చూశాకే అనుమతి ఇవ్వాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత సివిల్ ఇంజనీరు,
చూళైమేడు, చెన్నై