కొత్త బోన్సాయ్ తెచ్చుకున్నవాళ్లకు

అందరికీ నమస్కారం. కడియం నర్సరీల నుంచి జువ్వి బోన్సాయ్ (కుండీలో పొట్టిగా పెంచే జువ్వి చెట్టు) తెచ్చుకున్నవాళ్లు రాగానే కత్తెర పట్టకండి. కొన్ని వారాలు ఎండ తగిలేచోట ఉంచి, కొత్త చిగుళ్లు వచ్చాకే మొదలుపెట్టండి. ముందు పైమట్టి కొంచెం తీసి, వేళ్లు ఎటు బాగా పరుచుకున్నాయో చూడండి. చాలామటుకు అదే చెట్టుకు ముందువైపు, అంటే చూసేవాళ్లకు కనిపించేలా పెట్టే వైపు.

కొమ్మలను కావలసిన ఆకారంలోకి వంచడానికి చుట్టే అల్యూమినియం తీగ కొమ్మ మందంలో మూడో వంతు ఉంటే చాలు. 45 డిగ్రీల వాలులో చుట్టి, నెమ్మదిగా వంచండి. వానాకాలంలో జువ్వి కొమ్మ తొందరగా లావెక్కుతుంది. తీగ బెరడులోకి దిగితే ఆ మచ్చ ఏళ్లపాటు పోదు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే వారం వారం చూసుకోండి. బిగుస్తుంటే తీగను విప్పకుండా ముక్కలుగా కత్తిరించి తీసేయండి. కొమ్మ కోసినచోట పాలు కారితే టెన్షన్ వద్దు, తడిగుడ్డతో అద్దండి. కుండీ మాత్రం ఇప్పుడే మార్చొద్దు.

నాలుగువైపులా ఫొటోలు తీసి గ్రూపులో పెట్టండి, ఏ కొమ్మ ఉంచాలో కలిసి చూద్దాం.