ఈమ్ ఊరిని పొలిమేర దాకా నడిచి చూడాలి

సంపాదకులకు,

ఇంగ్లండ్ పల్లెల మీద మన ఆదివారం సంచికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి: రాతి ఇళ్లు, గుమ్మానికి పాకిన గులాబీ తీగ, టీ కొట్టు, ఓ ఫొటో. డెర్బీషైర్‌లోని ఈమ్ అనే ప్లేగు గ్రామం గురించి రాసేటప్పుడూ ఇదే వరస. చర్చి, దాని పక్కనున్న నాలుగు ఇళ్లతో వ్యాసం అయిపోతుంది. ఆ ఊరిని ప్రసిద్ధం చేసిన గుర్తుల్లో ముఖ్యమైనవి మాత్రం ఊరి బయట, పొలిమేరలో ఉన్నాయి. షెఫీల్డ్, మాంచెస్టర్‌లలో చదువుకునే మన పిల్లలు, వాళ్లను చూడ్డానికి వెళ్లే తల్లిదండ్రులు ఒక్క రోజులో వెళ్లి రాగల చోటు కాబట్టి కొన్ని వివరాలు రాస్తున్నాం.

ముందు పేరు సంగతి. ఇంగ్లీషు అక్షరాలు చూసి మనవాళ్లు ‘ఎయామ్’ అని రాస్తారు. అక్కడివాళ్లు పలికేది ‘ఈమ్’. ‘టీమ్’లో ‘ట’ తీసేస్తే మిగిలేదే. బస్సు డ్రైవరును అడిగేటప్పుడు ఇది పనికొస్తుంది.

1665 సెప్టెంబరులో లండన్ నుంచి ఓ దర్జీ ఇంటికి బట్టల మూట వచ్చింది. తేమగా ఉందని జార్జ్ వికార్స్ అనే పనివాడు దాన్ని విప్పి మంట ముందు ఆరబెట్టాడు. మూటలోని ఫ్లీల (రక్తం పీల్చే చిన్న గెంతుడు పురుగుల) ద్వారా ప్లేగు పట్టుకుందనేది వాడుకలో ఉన్న కథ. అతను సెప్టెంబరు 7న చనిపోయాడు. చలికాలంలో మరణాలు తగ్గి, 1666 వేసవిలో మళ్లీ పెరిగాయి. ఒక్క ఆగస్టులోనే 78 మంది పోయారు. నవంబరు మొదట్లో చివరి మరణం నమోదయ్యేసరికి మొత్తం 260 మంది. ఊరి జనాభా 350 అని పాత పుస్తకాలు రాయడంతో ‘ఊళ్లో మూడొంతులు పోయారు’ అనే మాట ఇంకా తిరుగుతోంది. తర్వాతి పరిశోధకులు జనాభాను 700 దగ్గర వేశారు. 2016లో వచ్చిన ఒక గణిత విశ్లేషణ ఇంకో మాట కూడా చెప్పింది: అంటుకున్న కేసుల్లో దాదాపు ముప్పాతిక భాగం ఎలుకల ఫ్లీల వల్ల కాదు, మనిషి నుంచి మనిషికి వచ్చినవే. అదే నిజమైతే, ఇంట్లో ఒకరికి వస్తే మిగిలినవాళ్లూ వరసగా పోవడం ఎందుకో అర్థమవుతుంది.

1666 జూన్‌లో ఊరి మతాధికారి విలియం మాంపెసన్, అతని కంటే ముందు ఆ పదవిలో ఉండి తొలగింపుకు గురైన థామస్ స్టాన్లీ కలిసి జనాన్ని మూడు విషయాలకు ఒప్పించారు. రోగం పక్క ఊళ్లకు పాకకుండా ఎవరూ ఊరు దాటకూడదు. ఎవరి ఇంటి శవాన్ని వాళ్లే తమ దొడ్లోనో పొలంలోనో పూడ్చుకోవాలి. ప్రార్థన చర్చిలో కాకుండా ఆరుబయట, మనిషికీ మనిషికీ ఎడం ఉంచి జరుపుకోవాలి. మన దక్కను ఊళ్లలో ప్లేగు వచ్చినప్పుడు ఇళ్లు ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలు వేసుకునేవారు. ఈమ్ జనం ఉన్నచోటే ఉండిపోయారు. అలాగని అందరూ ఉన్నారనుకోవద్దు. మాంపెసన్ తన ఇద్దరు పిల్లల్ని ముందే బయటికి పంపేశాడు, డబ్బున్నవాళ్లలో కొందరు తామే తరలిపోయారు. భార్య కేథరీన్ మాత్రం అతనితోనే ఉండి 1666 ఆగస్టు 25న చనిపోయింది. ఆమె సమాధి చర్చి ఆవరణలో ఉంది. త్యాగం కథ చెప్పేవాళ్లు పిల్లల్ని పంపిన సంగతి దాటేస్తారు గానీ, అది కూడా చెబితేనే మనుషుల కథలా ఉంటుంది.

సరే, నడక. సెయింట్ లారెన్స్ చర్చి దగ్గర మొదలుపెట్టండి. ఆవరణలో ఎనిమిదో శతాబ్దం నాటిదని చెప్పే రాతి శిలువ ఉంది. కాండంలో ఒక ముక్క పోయింది, చేతులు మాత్రం మిగిలాయి. ఇంత పాతవాటిలో అది అరుదు. దక్షిణపు గోడ మీద 1775 నాటి ఎండ గడియారం చూడండి. స్థానిక వేళతో పాటు ప్రపంచంలోని దూరపు ఊళ్ల పేర్లూ దాని మీద చెక్కారు. మబ్బు పడితే అది ఉత్త రాతిపలకే కాబట్టి ఎండ ఉన్నప్పుడే ముందు అటు వెళ్లండి. క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లు హ్యారీ బ్యాగ్‌షా సమాధి కోసం వెతకాలి. డెర్బీషైర్‌కు ఆడి తర్వాత అంపైరైన మనిషి, 1927లో పోయాడు. రాయి మీద ఎగిరిపోతున్న బెయిల్స్, పైన ‘ఔట్’ అని ఎత్తిన అంపైరు వేలు! ప్లేగు ఇళ్లు చర్చి పక్కనే. ఏ ఇంట్లో ఎవరు పోయారో ముందు పలకల మీద ఉంటుంది. వాటిలో ఇప్పటికీ మనుషులు కాపురముంటున్నారు. కిటికీలోకి తొంగి చూడడం, గేటు ఎక్కి ఫొటో దిగడం వద్దు.

చర్చి నుంచి తూర్పుగా కూడలికి వచ్చి లిడ్‌గేట్ వీధి పట్టండి. డార్బీ తండ్రీకూతుళ్ల సమాధులు దాటాక ‘పబ్లిక్ ఫుట్‌పాత్’ బోర్డు స్టోనీ మిడిల్టన్ వైపు చూపిస్తుంది. పొలాల మధ్య కిలోమీటరు లోపే సరిహద్దు రాయి వస్తుంది. ఒక పెద్ద బండ, పైభాగంలో ఆరు గుంటలు, అంతే. పక్క ఊరివాళ్లు తిండి, మందులు అక్కడ పెట్టి వెళ్తే ఈమ్ వాళ్లు డబ్బు ఈ గుంటల్లో వెనిగర్ పోసి అందులో వేసేవారు. వెనిగర్ విషాన్ని చంపుతుందని వాళ్ల నమ్మకం. గుంటల అంచులు అరిగి నున్నగా ఉంటాయి, వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. అక్కడి నుంచి దిగితే స్టోనీ మిడిల్టన్. 1759లో కట్టిన ఎనిమిది పలకల చర్చి ఉంది, ఓపిక ఉంటే చూసి వెనక్కి ఎక్కండి.

రైలీ సమాధులు ఊరికి తూర్పున ఇంకో దారిలో, గుట్ట వాలు మీద, గుండ్రటి రాతి గోడ లోపల ఉన్నాయి. ఎలిజబెత్ హాన్‌కాక్ 1666 ఆగస్టులో ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు పిల్లలనూ తన చేతులతోనే పూడ్చింది. రాళ్ల మీది తేదీలు వరసగా చదవండి, మూడు నుంచి పది వరకు. మాంపెసన్ బావి ఊరికి ఉత్తరాన, ఎత్తున, సన్నటి తారు రోడ్డు పక్కన ఉంటుంది. బావి అంటే మన దిగుడుబావి కాదు, రాతి తొట్టిలోకి ఊరే చిన్న ఊట. ఇక్కడా సామాన్లు పెట్టించుకుని, డబ్బు పారే నీళ్లలో వేసేవారు. ఆ రోడ్డుకు నడకదారి లేదు కాబట్టి ఎదురు వాహనాలు కనబడేలా కుడిపక్కన నడవండి.

ఈ మూడూ కలిపితే పది కిలోమీటర్ల లోపే. అయినా నాలుగు గంటలు పెట్టుకోండి. చదును మీద గంటకు ఐదు కిలోమీటర్లు, ప్రతి వంద మీటర్ల ఎక్కుడుకు ఇంకో పది నిమిషాలు అని అక్కడ నడిచేవాళ్ల లెక్క. ఊరి వెనక గుట్ట మీద సర్ విలియం హిల్ 429 మీటర్లు. ఊళ్లో ఎండ కాస్తుంటే పైన గాలీ మంచూ ఉండొచ్చు.

ఫోను మ్యాపును ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. లోయల్లో సిగ్నల్ పోతుంది, పైగా అది కారు దారి చూపిస్తుంది. ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ మ్యాపుల సంస్థ) వారి ఎక్స్‌ప్లోరర్ ఓఎల్ 24 కాగితం మ్యాపు కొనండి. అందులో నాలుగు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు, ఆకుపచ్చ చుక్కల గీతలు నడక హక్కున్న దారులు. పొలంలో పసుపు బాణం కాలినడకకు, నీలం బాణం గుర్రాలకూ సైకిళ్లకూ కూడా. ఒకరి పొలంలోంచి వెళ్తున్నామన్న బెరుకు మనవాళ్లకు ఉంటుంది. దారి మీద ఉన్నంతసేపూ అది మీ హక్కు, దారి తప్పితే కాదు. ఈ హక్కులూ ఊరికే రాలేదు. ఈమ్ కూడా ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ అనే గుట్టల ప్రాంతంలో కిండర్ స్కౌట్ గుట్ట మీదికి 1932 ఏప్రిల్‌లో జనం మూకుమ్మడిగా, అనుమతి లేకుండా నడిచారు. బ్రిటన్‌లో తొలి నేషనల్ పార్కు 1951లో ఇక్కడే ఏర్పడింది.

తప్పులు ఎక్కువగా ఎక్కడ జరుగుతాయంటే కాళ్ల దగ్గర. ఊరికి దక్షిణాన సున్నపురాయి, ఉత్తరాన ఇసుకరాయి. గోడల రంగే చెబుతుంది, అటు బూడిద తెలుపు, ఇటు ముదురు గోధుమ. వేల కాళ్లు తొక్కిన సున్నపురాయి వాన పడితే సబ్బులా జారుతుంది. ఆఫీసు బూట్లు, చీరతో వేసుకునే చెప్పులు కుదరవు. అడుగున లోతైన గాట్లున్న బూట్లే కావాలి. గోడలు సిమెంటు లేకుండా పేర్చినవి, ఎక్కితే కూలతాయి. దాటడానికి మెట్లో సన్నటి సందో ఉంటుంది. ఆ సందు లావు సంచీకి పట్టదు, సంచీ తలపైకి ఎత్తి దాటండి. గేటు తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే వెళ్లాలి. దూడలున్న ఆవుల మధ్యలోంచి వెళ్లొద్దు, చుట్టూ తిరగండి. వెంట కుక్క ఉండి ఆవులు మీదికొస్తే తాడు వదిలేయండి, అవి తరిమేది కుక్కనే. సీసం గనుల పాత గోతులు చాలా ఉన్నాయి. గడ్డి మధ్య కంచె కనిపిస్తే లోపలికి దూరకండి.

వీలుంటే ఆగస్టు చివర వెళ్లండి. ఆ నెల చివరి ఆదివారం ప్లేగు స్మరణ దినం. ఆరుబయట ప్రార్థనలు జరిపిన కకెట్ డెల్ఫ్ లోయలోనే సభ పెడతారు. అదే సమయంలో నీటి ఊటలకు పూల అలంకరణ చేస్తారు. చెక్క పలకను రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి, ఎండిపోకుండా ఉప్పు కలిపిన బంకమట్టి పూసి, బొమ్మ గీతలు పొడిచి, రేకులు ఒక్కొక్కటే అదుముతారు. కింది నుంచి పైకి, పెంకుల్లా ఒకదాని మీదొకటి ఎక్కేలా పరుస్తారు, వాన పడినా నీళ్లు జారిపోవాలని. బతుకమ్మ పేర్చిన చేతులకు ఈ పని వెంటనే పట్టుబడుతుంది. వారం రోజులుంటుంది, ఆ తర్వాత రేకులు నల్లబడతాయి.

షెఫీల్డ్ నుంచి నేరుగా బస్సులుంటాయి. రైలైతే గ్రిండిల్‌ఫోర్డ్ స్టేషన్‌లో దిగి దాదాపు ఐదు కిలోమీటర్లు నడవాలి, ఎక్కువ భాగం ఎక్కుడే. ఆదివారాల్లో బస్సులు పలచన. మ్యూజియం చలికాలంలో మూసేస్తారు, బయలుదేరే ముందు వేళలు చూసుకోండి. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి బావి దగ్గరికి ముందు వెళ్లి, ఊళ్లోవి చివరికి పెట్టుకోండి. వేసవిలో వరస మార్చినా ఇబ్బంది లేదు.

ఇట్లు,
డెర్బీషైర్ దారులు తెలిసిన కొందరు పాఠకులు