మొండి తీగలను ఒక్కో ఇంటికి వదిలేస్తే పోవు

సంపాదకుడు గారికి,

పెరట్లో పాతుకుపోయిన తీగను ఎలా వదిలించుకోవాలని ఎవరిని అడిగినా ఒకే మాట చెబుతారు: వేళ్లతో సహా తవ్వి పారేయండి అని. ఆ వేళ్లు ఎంత లోతుకు దిగుతాయో తెలిస్తే ఇంత తేలిగ్గా చెప్పరు. ఫీల్డ్ బైండ్‌వీడ్ అనే తీగ చూడటానికి సన్నగా, గరాటు లాంటి తెల్లటి పూలతో ముచ్చటగా ఉంటుంది. దాని వేళ్లు 6 మీటర్ల లోతు దాకా కూడా వెళ్లగలవు. తవ్వేటప్పుడు తెగి మట్టిలో మిగిలిన 5 సెంటీమీటర్ల ముక్క నుంచి కూడా కొత్త మొక్క లేస్తుంది. గింజలైతే నేలలో దశాబ్దాల పాటు మొలకెత్తే శక్తితో పడి ఉంటాయి. ఇలాంటి మొక్కకు ప్రహరీ గోడ ఒక లెక్క కాదు. గోడకు ఇటువైపు ఎంత శ్రద్ధగా తీసినా అటువైపు నుంచి మళ్లీ వస్తుంది. అందుకే దీన్ని ఎవరి పెరడు వాళ్ల సమస్య అనుకోకుండా, స్థానిక సంస్థలు తమ పనిగా తీసుకోవాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మా గోడకు ఆనుకుని ఒక ఖాళీ స్థలం ఉంది. దాని నిండా గులాబీ రంగు పూల కోరల్ వైన్ అల్లుకుంది. దీనికి నేలలో దుంపలుంటాయి. స్థలం శుభ్రం చేయడానికి ఏటా ఒక యంత్రం వస్తుంది, అదీ పూత అయిపోయి గింజలు రాలాక. పైన ఉన్నదంతా చెక్కేస్తుంది. దుంపలు ముక్కలై మట్టిలోనే ఉండిపోతాయి. ఆ మట్టిని లారీకెత్తి ఇంకెక్కడో గుంతలు పూడ్చడానికి తీసుకెళ్తారు. అంటే ఖర్చు పెట్టి మరీ తీగను ఇంకో వీధికి చేరుస్తున్నారన్నమాట. పనివాళ్లను నేను తప్పుపట్టను. ఏ మొక్కను ఎప్పుడు కొట్టాలో, ఏ మట్టిని కదిలించకూడదో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

నిజానికి ఏ తీగకు ఏ వైద్యమో తెలియకపోవడమే సగం నష్టానికి కారణం. కుడ్జు అనే తీగకు నేలమట్టం దగ్గర గట్టి ముడిలాంటి మొదలు ఉంటుంది, చిగుళ్లన్నీ అక్కడినుంచే వస్తాయి. ఆ మొదలును పూర్తిగా కోసి తీసేస్తే కింద ఉన్న పెద్ద వేరును తవ్వక్కర్లేదు, అది తిరిగి చిగురించదు. బైండ్‌వీడ్ దగ్గర ఇదే పని చేస్తే ఫలితం ఉండదు, ఎందుకంటే దాని వేరులో ఎక్కడినుంచైనా చిగురు రాగలదు. మదీరా వైన్ అనే తీగ మరీ మొండిది. దాని కాడల పొడవునా చిన్న చిన్న దుంపలు కాస్తాయి. చెట్టెక్కిన తీగను ఆవేశంగా లాగితే అవన్నీ కింద రాలి, ప్రతిదీ ఒక మొక్క అవుతుంది. ముందు మొక్కను గుర్తుపట్టాలి, ఆ తర్వాతే పార పట్టాలి.

లోతు వేరున్న తీగలకు నేను నమ్మే దారి, వేరును ఆకలితో మాడ్చడం. వేరులో దాచుకున్న పిండిపదార్థంతోనే కొత్త చిగురు పైకి వస్తుంది. ఆకులు విచ్చుకుని కొంతకాలం ఎండ తగిలాక, అవి తయారుచేసిన ఆహారం తిరిగి వేరుకు చేరడం మొదలవుతుంది. ఆ లోపే, అంటే రెండు మూడు వారాలకోసారి, నేలమట్టానికి కోసేస్తూ పోతే వేరు తన నిల్వనే ఖర్చు చేసుకుంటుంది. ఒక్క సీజన్‌లో అయ్యే పని కాదు, కొన్నేళ్లు పడుతుంది. మధ్యలో ఒక నెల వదిలేస్తే వేరు మళ్లీ పుంజుకుంటుంది. నల్ల షీటు గానీ, అట్టముక్కలు పరిచి పైన మందంగా ఆకుచెత్త గానీ కప్పితే సాయపడుతుంది. కానీ తీగ వెలుతురు కోసం అంచులదాకా పాకి తల బయటపెడుతుంది, కాబట్టి అంచులను కనిపెట్టుకుని ఉండాలి. దున్నే యంత్రం మాత్రం వద్దే వద్దు, అది వేరును ముక్కలు చేసి తోటంతా నాటినట్టే.

విసిగిపోయి కొందరు ఉప్పు, డీజిల్, యాసిడ్ పోస్తారు. దయచేసి ఆ పని చేయకండి. లోతు వేరు చావదు, పైమట్టి పాడవుతుంది, పక్కనున్న చెట్టు ఎండుతుంది. కలుపు మందు తప్పదనుకుంటే గ్లైఫోసేట్ లాంటివి ఆకుల నుంచి వేరుకు దిగేవే, అయితే తీగ తన ఆహారాన్ని వేరుకు పంపుకునే పూత దశ నుంచే బాగా పనిచేస్తాయి. కొమ్మను కోసిన వెంటనే కోత మీద బ్రష్‌తో పూయడం పిచికారీ కన్నా మేలు, పక్క మొక్కల మీద పడదు. లేబుల్ మీద ఉన్న మోతాదు దాటకూడదు.

ఇక ప్రభుత్వాల బాధ్యత సంగతి. అమెరికాలో కుడ్జు దానంతట అది పాకి రాలేదు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో అందమైన తీగగా పరిచయమైంది. 1930లలో మట్టి కోత ఆపడానికని ప్రభుత్వమే రైతులకు డబ్బిచ్చి నాటించింది. 1953కల్లా సిఫారసు జాబితా నుంచి తీసేశారు, 1970లో కలుపు మొక్కగా ప్రకటించారు. అప్పటికే అది చెట్లను, కరెంటు స్తంభాలను కప్పేసింది. దాన్ని ఊరూరా నాటించిన నిర్ణయం ప్రభుత్వానిది, ఇప్పటికీ కోస్తూ కూర్చున్నది పెరడున్న మనుషులు. సరిదిద్దే పనిలోనూ ప్రభుత్వాలు మాత్రమే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మికానియా అనే మరో మొండి తీగను అదుపు చేయడానికి, దాని పుట్టిన ప్రాంతంలో దానికి సోకే తుప్పు తెగులు శిలీంధ్రాన్ని పరీక్షించి, పాపువా న్యూగినియా, ఫిజీ దేశాల్లో వదిలారు. అలాంటి పని ఏ ఇంటివారూ సొంతంగా చేయలేరు, చేయకూడదు కూడా.

స్థానిక సంస్థలను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. రోడ్డు అంచులు, కాలువ గట్లు, ఖాళీ స్థలాల్లోని తీగలను గింజ కట్టకముందే కోయించాలి. దుంపలున్న మట్టిని మరో చోటికి తరలించడం ఆపాలి. వేళ్లు, దుంపలు మామూలు చెత్తలో, కంపోస్టులో కలవకుండా విడిగా సేకరించాలి, లేకపోతే ఎరువుతో పాటు అవి మళ్లీ తోటలకే వస్తాయి. నర్సరీలు ఇలాంటి తీగలను అమ్మడం మానాలి. కనీసం కుండీ మీద హెచ్చరిక ఉండాలి. "త్వరగా పెరుగుతుంది, నీళ్లు పోయకపోయినా బతుకుతుంది" అని మెచ్చుకుంటూ అమ్మే మొక్కను కొనేముందు ఎవరైనా ఒక్క క్షణం ఆలోచించాలి. గోడకు రెండువైపులా ఉన్నవాళ్లు ఒకే వారంలో కోత పెట్టుకుంటే ఫలితం చాలా త్వరగా కనిపిస్తుంది. ఈ ఏర్పాటుకు కాలనీ సంఘాలు పూనుకుంటే మున్సిపాలిటీ కోసం ఎదురుచూడక్కర్లేదు.

మీ పత్రికకు కూడా ఒక మనవి. పూత కాలం రాకముందే ఈ తీగల ఆకు, పువ్వు, దుంప స్పష్టంగా కనిపించే ఫొటోలు, ఏది ఎలా తీయాలో రెండు మాటలతో ప్రచురించండి. కత్తిరించుకుని గోడకు అంటించుకునేలా అర పేజీ ఇస్తే చాలు.

ఇట్లు
ఒక పాఠకురాలు