ఇంగ్లిష్ స్వరకర్తల మీద జరిగే ప్రసంగాలకు మన తెలుగువాళ్లూ రావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

బ్రిటన్‌లోని తెలుగు సంఘాల ఉగాది వేడుకలు, క్రికెట్ పోటీలు, పిల్లల కూచిపూడి ప్రదర్శనల వార్తలు మీ ప్రవాస పేజీలో తరచూ చూస్తుంటాను. ఈసారి ఇంకో విషయానికి కూడా కాస్త చోటిస్తారని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇంగ్లండ్ మధ్య ప్రాంతంలో మేముంటున్న చిన్న పట్టణంలో సంగీతం వినేవాళ్ల సంఘం ఒకటుంది. పాడేవాళ్లదీ వాయించేవాళ్లదీ కాదు, అచ్చంగా శ్రోతలది. ఈ దేశంలో ఇలాంటి సంఘాలు చాలా ఊళ్లలో ఉన్నాయి. వాటికో సమాఖ్య కూడా 1936 నుంచీ ఉంది. మా ఊరి సంఘం ఈ ఏడాది ఇంగ్లిష్ శాస్త్రీయ స్వరకర్తల మీద వరసగా ప్రసంగాలు పెట్టింది. అయితే హాలు అద్దె పెరిగింది, సభ్యులు తగ్గుతున్నారు. కొత్తవాళ్లు రాకపోతే వచ్చే ఏడాది ప్రసంగాలు జరపలేమని కార్యదర్శి గారు అందరి ముందే చెప్పేశారు. అదే హాల్లో మనవాళ్లు సంక్రాంతి చేసుకుంటే కాలు పెట్టడానికి చోటుండదు. ఈ ప్రసంగాలకు మాత్రం ఇద్దరో ముగ్గురో తప్ప తెలుగువాళ్లు కనిపించరు. ఈ పరిస్థితి మారాలి.

"వాళ్ల సంగీతం మనకెందుకండీ" అంటారు చాలామంది. హోల్స్ట్ మీద జరిగిన ప్రసంగానికి వాళ్లు వచ్చి ఉంటే ఆ మాట అనేవారు కాదు.

గుస్తావ్ హోల్స్ట్ 1874లో చెల్టెన్‌హామ్‌లో పుట్టాడు. గ్రహాల మీద రాసిన 'ది ప్లానెట్స్' అనే వాద్యబృంద రచనతో ప్రపంచమంతా తెలిసినవాడు. బతుకుతెరువుకు లండన్‌లో ఒక ఆడపిల్లల బడిలో సంగీతం టీచరుగా పనిచేసేవాడు. ఋగ్వేదం ఇంగ్లిష్ అనువాదాల్లో చదివి, అవి నచ్చక, తనే సంస్కృతం నేర్చుకోవడానికి కూర్చున్నాడు. పండితుడేమీ కాలేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో మాటా కూడదీసుకుంటూ తన పాటలకు తనే అనువాదం చేసుకున్నాడు. ఉషస్సు మీద, నీటి మీద ఉన్న సూక్తాలకు ఆడవాళ్ల బృందగానం, హార్ప్ అనే తంత్రీవాద్యం మాత్రమే పెట్టి వరసలు కట్టాడు. 1908లో 'సావిత్రి' అనే చిన్న ఒపెరా, అంటే పాటలతోనే నడిచే నాటకం, రాశాడు. అది మొదటిసారి 1916లో లండన్‌లో ప్రదర్శన అయింది. ముగ్గురే గాయకులు, పన్నెండు వాద్యాలు, తెర వెనక కొద్దిమంది ఆడవాళ్ల గొంతులు, అంతే.

వక్త ముందుగా దాని ప్రారంభం వినిపించారు. వాద్యం అన్నది లేదు. ఎక్కడో దూరం నుంచి యముడి గొంతు ఒక్కటే వస్తుంది, తను మృత్యువునని సావిత్రికి చెబుతూ. కాసేపటికి ఆవిడ గొంతు కలుస్తుంది. ఒకరు ఒక శ్రుతిలో, ఇంకొకరు వేరే శ్రుతిలో పాడుతున్నట్టుంటుంది, అయినా ఇద్దరూ విడిపోరు. అక్కడ ఆపి, "ఇప్పుడు సావిత్రి గొంతు ఒక్కటే పట్టుకుని వినండి" అని మళ్లీ పెట్టారు. మూడోసారి యముడి గొంతు పట్టుకోమన్నారు. ఎన్నో ఏళ్లుగా సంగీతం వింటున్న నాకు, వినడానికి కూడా ఒక పద్ధతి ఉంటుందని ఇంత స్పష్టంగా ఎవరూ చూపించలేదు. మన పిల్లల్ని పాడటం నేర్చుకోమని, వాయించడం నేర్చుకోమని క్లాసులకు పంపుతాం. వినడం నేర్పేవాళ్లు ఎవరున్నారు?

ఇక కథ సంగతి. మన సావిత్రి మామగారికి చూపు, రాజ్యం, ఆ తర్వాత సంతానం అడిగి యముణ్ని మాటలో బంధిస్తుంది. హోల్స్ట్ సావిత్రి అడిగేది ఒక్కటే, నిండైన జీవితం. ఇచ్చానంటాడు యముడు. సత్యవంతుడు లేకుండా నాకు జీవితం ఎక్కడిదంటుంది ఆవిడ. టీ విరామంలో ఒక పెద్దావిడ మా వైపు తిరిగి, మీరు చిన్నప్పటి నుంచి వింటున్న కథలో యముడు ఎలా ఉంటాడని అడిగారు. దున్నపోతు గురించి, పాశం గురించి మాలో ఒకమ్మాయి చెబుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు టీ మర్చిపోయి విన్నారు. ఆ సాయంత్రం వక్త దగ్గర లేనిది మన దగ్గర ఉంది. అందుకే మనవాళ్లు అక్కడ ఉండాలంటున్నాను. 'ది ప్లానెట్స్'లో మొదటిదైన 'మార్స్' అయిదు దెబ్బల లెక్కలో నడుస్తుంది. మృదంగం నేర్చుకుంటున్న పిల్లవాడు రెండు ఆవర్తాలు తిరిగేలోపు తొడ మీద తాళం పట్టేస్తాడు. పక్కవాళ్లు వేళ్లు లెక్కపెట్టుకుంటూనే ఉంటారు.

జాన్ ఫోల్డ్స్ పేరు మనలో ఎంతమందికి తెలుసు? మాంచెస్టర్‌కు చెందిన స్వరకర్త. 1935లో ఇండియా వచ్చి, ఢిల్లీ ఆకాశవాణిలో పాశ్చాత్య సంగీత విభాగానికి అధిపతి అయ్యాడు. మన వాద్యాలనూ వాళ్ల వాద్యాలనూ కలిపి వాద్యబృందం కట్టాలని తాపత్రయపడ్డాడు. 1939లో కలకత్తాకు బదిలీ అయిన కొద్ది రోజులకే కలరా సోకి చనిపోయాడు. ఆయన భార్య మాడ్ మెకార్తీ ఐర్లండ్‌లో పుట్టిన వయొలినిస్ట్. అంతకు చాలా ఏళ్ల ముందే ఇండియా వచ్చి మన సంగీతం నేర్చుకుని, లండన్‌లో సభల్లో పాడి చూపించిన మనిషి. హార్మోనియం మన సంగీతానికి పనికిరాదని గట్టిగా వాదించినవాళ్లలో ఫోల్డ్స్ కూడా ఉన్నాడు. 1940లో ఆకాశవాణి ఆ పెట్టెను నిషేధించింది. హార్మోనియం శ్రుతి లేకుండా పద్యం ఎత్తుకోని నాటకాల మీద పెరిగిన నాకు ఆ వాదన ఏమాత్రం మింగుడుపడదు. కానీ ఆ వాదన జరగాలి, దాన్ని మనవాళ్ల ముందు జరపాలి. ఈ ఏడాది ప్రసంగాల్లో ఫోల్డ్స్‌కు చోటే లేదు. సంఘానికి నా మొదటి విన్నపం ఇదే.

రెండో విన్నపం స్వరకర్త ఎడ్వర్డ్ ఎల్గార్ విషయం. ఆయనకు రెండు సాయంత్రాలు కేటాయించారు, అందుకు తగినవాడే. 1857లో వూస్టర్ దగ్గర బ్రాడ్‌హీత్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి పియానోలు శ్రుతి చేస్తూ సంగీతం సామాను కొట్టు నడిపేవాడు. ఎల్గార్ ఏ సంగీత కళాశాలలోనూ చదవలేదు, కొట్టులో ఉన్న పుస్తకాలే చదువు. వయొలిన్ పాఠాలు చెప్పుకుంటూ నెట్టుకొచ్చి, 1899లో 'ఎనిగ్మా వేరియేషన్స్' అనే వాద్యబృంద రచనతో పేరు తెచ్చుకునేసరికి 42 ఏళ్లు వచ్చాయి. ఇదంతా వక్త ఎంతో ప్రేమగా చెప్పారు. 1912 నాటి 'క్రౌన్ ఆఫ్ ఇండియా' దగ్గరికొచ్చేసరికి మాత్రం రెండు ముక్కల్లో దాటేశారు. రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తున్నట్టు అయిదో జార్జి చక్రవర్తి ప్రకటించిన, అంతకు ముందు డిసెంబరు నాటి ఢిల్లీ దర్బారును పొగుడుతూ లండన్ రంగస్థలం మీద వేసిన ప్రదర్శన అది. ఢిల్లీ, కలకత్తా నగరాలు పాత్రలుగా వచ్చి రాజధాని నేనంటే నేనని వాదులాడుకుంటాయి, చివరికి అందరూ చక్రవర్తికి జేజేలు కొడతారు. ఆ చక్రవర్తి పాలన కింద బతికిన తాతల మనవలం మనం. ఆ సంగీతం వినిపించమని, దాని గురించి మాట్లాడమని అడిగే హక్కు మనకుంది. ఆ మనిషే 1919లో, మహాయుద్ధం ముగిశాక, చెల్లో కన్సర్టో, అంటే చెల్లో అనే తంత్రీవాద్యం ముందుండి వాద్యబృందంతో కలిసి నడిచే రచన, రాశాడు. అందులో ఆడంబరం మచ్చుకైనా లేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి వింటేనే ఎల్గార్ పూర్తిగా అర్థమవుతాడని నా నమ్మకం.

ఎథెల్ స్మిత్‌కు, శామ్యూల్ కోల్‌రిడ్జ్ టేలర్‌కు కలిపి ఒక్క సాయంత్రమే ఇవ్వడం అన్యాయం. ఆడవాళ్ల ఓటుహక్కు కోసం 1912లో జైలుకెళ్లిన స్వరకర్త స్మిత్. తోటి ఖైదీలు కింద పెరట్లో తన పాట పాడుతుంటే జైలు గది కిటికీలోంచి పళ్లు తోముకునే బ్రష్షుతో తాళం నడిపించింది. కోల్‌రిడ్జ్ టేలర్ తండ్రి సియెర్రా లియోన్ నుంచి వచ్చిన డాక్టరు. 1898లో ఆయన రాసిన 'హియవాతాస్ వెడ్డింగ్ ఫీస్ట్' అనే బృందగానాన్ని దేశమంతా పాడుకుంది. కానీ హక్కులు 15 గినీలకే (గినీ అంటే పౌను కన్నా కాస్త ఎక్కువ) ప్రచురణకర్తలకు అమ్మేసుకున్నాడు. 37 ఏళ్లకే పోయాడు. వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు ఆయన కథ చెప్పకపోతే ఇంకెవరి కథ చెబుతాం?

బ్రిటన్‌లోని తెలుగు సంఘాల పెద్దలకు నా మనవి. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఇలాంటి శ్రోతల సంఘం ఉందేమో లైబ్రరీలో అడగండి. మీ వాట్సాప్ గ్రూపుల్లో పండగ టికెట్లతో పాటు వాళ్ల కార్యక్రమాల తేదీలు కూడా పెట్టండి. కొత్తవాళ్లు మొదటిసారి వస్తే సభ్యత్వం కట్టమని ఎవరూ ఒత్తిడి చేయరు, తలుపు దగ్గర ఇచ్చేది ఓ కప్పు టీ ఖరీదు. పాశ్చాత్య సంగీత లిపి చదవడం రావాలన్న టెన్షన్ అక్కర్లేదు, అక్కడున్న చాలామందికీ రాదు. సంగీతం నేర్చుకున్న తెలుగువాళ్లు మీలో ఉంటే ఒక సాయంత్రం మీకివ్వమని అడగండి. త్యాగరాజ కీర్తన ఒకటి తీసుకుని, ఆ వక్త సావిత్రిని విడదీసి చూపించినట్టే, ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే సంగతులను ఒక్కోటీ ఆపి వినిపించండి. మా ఊళ్లో ఈ మాట కార్యదర్శి గారితో ఇప్పటికే అన్నాను. వచ్చే ఏడాది ప్రసంగాలు జరిగితే తప్పకుండా ఒక సాయంత్రం ఇస్తామన్నారు. అవి జరగాలంటే ఈ శీతాకాలమే ఆ కుర్చీలు నిండాలి.

ఇట్లు,
మీ పత్రిక పాత పాఠకురాలు,
ఇంగ్లండ్